చేర్చుట వేరు, కూర్చుట వేరు

"మాస్టారూ, ఇందులో ఏది చదవమంటారు?"

ఆన్‌లైను కోర్సులో తొలిసారిగా నేను పాఠ్యసామగ్రిని నింపిన సంవత్సరమున, పరీక్షలు పదిదినములున్నవనగా, ఒక విద్యార్థిని నన్నడిగిన ప్రశ్న యిది. అప్పటికి ఆ తెలుగు వ్యాకరణపు కోర్సులో నేను చేర్చియుంచిన ఫైళ్లు 61. నా నోట్సు, మిత్రుల నోట్సు, వెనుకటి ప్రశ్నపత్రములు, ఎవరో పండితులు ఎక్కడనో చేసిన ఉపన్యాసముల వీడియోలు, పాతపుస్తకములనుండి స్కాను చేయించిన ప్రకరణములు, స్లైడులు, లింకులు. ఒక్క సంధి ప్రకరణమునకే వీనిలో 14 కలవు. ఆ ప్రశ్న విన్నంతనే నాకు కలిగినది విసుగు. ఇంత పెట్టితిని గదా, ఇంకను ఏది చదువవలెనని అడుగుట యేమి? విసుగు చల్లారిన పిదప కలిగినది సిగ్గు. ఏది చదువవలెనో, ఏది ముందో, ఏది వెనుకనో చెప్పుటయే గదా ఉపాధ్యాయుని పని! ఆ పని యొక్కటి విడిచిపెట్టి తక్కిన పనులన్నియు నేను కడు శ్రద్ధతో చేసియుంటిని.

ఆ సిగ్గు నాయొక్కనిదియే యైనచో ఈ వ్యాసము వ్రాయ నక్కరలేకపోయెడిది. నేడు మన కళాశాలలయందును విశ్వవిద్యాలయములయందును బాగుగా వేరుదన్నిన అభిప్రాయ మొకటి కలదు. ఆన్‌లైను కోర్సులో "మెటీరియల్ పెట్టుట" అనునది గుమాస్తాపని వంటిదనియు, ఎంత ఎక్కువ పెట్టిన అంత మేలనియు, మిగిలిపోయినదానివలన ఎవరికిని నష్టము లేదనియు, కావలసినదానిని విద్యార్థియే యేరుకొనుననియు, ఒకమారు పెట్టిన తోడనే ఉపాధ్యాయుని ఋణము తీరిపోవుననియు దాని సారాంశము. ఈ మాట పలుకువారు మూర్ఖులు కారు. సోమరులు అంతకంటెను కారు. వారిలో పెక్కురు రాత్రులు మేలుకొని స్కానులు తీసి, తమ సొంత డబ్బు పెట్టి పుస్తకములు కొని, విద్యార్థులకు మేలు సేయవలెనను సద్బుద్ధితోనే ఆ పని చేయుచున్నవారు. కావున దీనిని పరిహాసముతో త్రోసిపుచ్చుట తగదు. పూర్వపక్షమును దుర్బలముగా చెప్పి గెలిచినవాని గెలుపు గెలుపు కాదని మన శాస్త్రకారులు ఎరుగుదురు. ఒక్కొక్క వాదమును దాని బలముతోనే నిలిపి, ఆ పిమ్మట ఖండింతును.

ఈ అలవాటు ఎట్లు పుట్టినదో ముందు చూడవలసియున్నది. మన కళాశాలలలో విరివిగా వాడుకలోనున్న మూడిల్ అను సాధనమును 2002లో లోకమునకిచ్చిన మార్టిన్ డూగియామాస్, పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలోని ఒక మారుమూల పల్లెలో, రేడియోలో వచ్చు పాఠములు వినుచు బాల్యము గడపినవాడు. ఎక్కడనో యున్న గురువు గొంతుకై చెవియొగ్గి కూర్చుండుట ఎట్టిదో ఆతనికి అనుభవపూర్వకముగా తెలియును. ఆతడు నిర్మించిన సాధనమున కోర్సునందు చేర్చదగిన వస్తువులు రెండు తెగలు. ఫైలు, ఫోల్డరు, పేజీ, పుస్తకము, లింకు మొదలగునవి వనరులు. క్విజ్, అసైన్‌మెంటు, చర్చావేదిక, పదకోశము మొదలగునవి కార్యకలాపములు. మొదటివి విద్యార్థి చూచునట్టివి, రెండవవి విద్యార్థి చేయునట్టివి. ఇట్టి విభాగముండగా మనము చేయుచున్నదేమి? రెండవ తెగను దాదాపుగా మరచి, మొదటి తెగలోనైనను ఫైలు అను ఒక్కదానినే పట్టుకొని, దానిని వరుసగా పేర్చుకొనుచు పోవుచున్నాము. 2012లో వెలువడిన 2.3 ప్రతినుండి, కంప్యూటరులోని ఫైలును మౌసుతో పట్టి లాగి కోర్సు పుటపై విడిచిన చాలును, అది అక్కడ చేరిపోవును. సౌకర్యము మంచిదే, కాని చేయి సుళువుగా పోవు దారినే మనస్సును పోవుట మనుష్యస్వభావము.

అటుపిమ్మట 2020 మార్చి వచ్చినది. ముప్పదియేండ్లు నల్లబల్ల యొద్ద నిలిచి పాఠము చెప్పినవారు ఒక్క వారములో తెరముందునకు రావలసివచ్చెను. ఆ యాపత్కాలమున చేతికి దొరికినదెల్ల వాట్సాప్‌లోనో, గూగుల్ క్లాస్‌రూములోనో, మరి యెందులోనో పిల్లలకు పంపివేయుట ధర్మమే. అయితే ఆపద్ధర్మము ఆపద తీరినపిదపను లేచిపోక, నిత్యధర్మపు పీఠముమీద కూర్చుండుట వలన దోషము కలిగినది. దీనికి తోడు తనిఖీలు. ఈ-కంటెంటు ఎంత తయారుచేసితిరని యడుగు గడిలో ఒక అంకె వ్రాయవలెను. అంకెకు కావలసినది లెక్క. క్రమముతో దానికి పని లేదు. ఆ విధముగా మన కోర్సులు విద్యార్థికొరకు గాక ఆ గడికొరకు పెరుగనారంభించినవి.

ఇక వాదములకు వత్తము. "అధికస్య అధికం ఫలమ్, మిక్కిలిగా నున్నంతమాత్రమున నష్టమేమి? అక్కరలేనివాడు తెరువడు, అంతే గదా" యనునది మొదటిది. దీనికి మూలమైన భ్రమ యేమనగా, తెరువని ఫైలునకు వెల లేదనుట. కొత్త విషయమును నేర్చువాని బుద్ధిలో పని జరుగు తావు కడు ఇరుకైనది. ఆస్ట్రేలియా దేశపు విద్యామనోవిజ్ఞానవేత్త జాన్ స్వెల్లర్ 1988లో ప్రతిపాదించిన సిద్ధాంతపు సారమిదియే: ఆ ఇరుకు తావులో వెదకుటకును పోల్చుకొనుటకును వ్యయమైన శక్తి, నేర్చుకొనుటకు మిగులదు. అమెరికాలో రిచర్డ్ మేయర్ బహుకాలము చేసిన ప్రయోగములు దీనినే మరియొక వైపునుండి నిరూపించినవి. పాఠమునకు నేరుగా సంబంధింపని మాటలు, బొమ్మలు, ధ్వనులు ఎంత ముచ్చటగానున్నను, వానిని తొలగించినప్పుడే అభ్యాసకులు మెరుగుగా గ్రహించిరి. అనగా మిక్కిలియైనది అక్కడ నిరపాయముగా పడియుండలేదు. అది పాఠమునకు అడ్డు వచ్చినది. వీడియోల సంగతియు నట్టిదే. ఎడెక్స్ సంస్థయొక్క నాలుగు కోర్సులలో 69 లక్షల వీక్షణములను పరిశీలించి 2014లో ప్రకటింపబడిన అధ్యయనము, వీడియో ఎంత దీర్ఘమైనదైనను విద్యార్థులు సామాన్యముగా దానియొద్ద నిలుచునది ఆరు నిమిషములకు మించదని తేల్చినది. గంటసేపు సాగిన తరగతిని యథాతథముగా రికార్డు చేసి కోర్సులో పెట్టి, విద్యార్థికి గంటసేపు పాఠము చెప్పితినని తృప్తిపడు ఉపాధ్యాయుడు తన తృప్తిలో పదింట తొమ్మిదివంతులు తగ్గించుకొనవలసియుండును.

ఇంతకంటె ముఖ్యమైన మాట మరియొకటి కలదు. నష్టము లేదనువారు ఎవరి నష్టమును లెక్కించుచున్నారు? తండ్రి ఉపాధ్యాయుడుగానో తల్లి ఉద్యోగినిగానో ఉన్న యింటి పిల్లవాడు ఆ 61 ఫైళ్లలోనుండి తనకు కావలసిన ఆరింటిని ఎట్లో పట్టుకొనును; పట్టుకొనలేకున్న నడుగుటకు వానికి మనుష్యులున్నారు. ఇంటిలో మొదటిసారిగా కళాశాల గడప తొక్కినవాడు, పగలు కూలికో దుకాణమునకో పోయి రాత్రి చిన్న ఫోనులో చదువుకొనువాడు, ఒక్కొక్క ఫైలును దింపుకొని, తెరచి, ఇది కాదని మూసి, మరియొకటి దింపుకొనులోపల ఆనాటి డేటా ముగియును, నిద్రయు వచ్చును. వానికి మన ఔదార్యము భారమైనది. ఉన్నవానికి ఉపకరించి లేనివానిని క్రుంగదీయు దానమును దానమని యెట్లందుము?

రెండవ వాదము దీనికంటె గంభీరముగా వినబడును: "విద్యార్థి పసివాడు కాడు, వానికి స్వేచ్ఛనిచ్చిన వాడే యేరుకొనును, ఏరుకొనుటయు నొక విద్యయే." నిజమే, ఏరుకొనుట విద్యయే. అయితే అది చదువు ముగియువేళకు లభింపవలసిన ఫలము గాని, చదువు మొదలిడుటకు తీసికొని రావలసిన పెట్టుబడి కాదు. నీటినుండి పాలను వేరుచేయు నేర్పు హంసకు కలదని కవులు చెప్పిరి. మనము ఆ నేర్పును గ్రుడ్డు పగిలిన దినముననే కోరుచున్నాము. ఒక విషయమును గూర్చి వ్రాసిన పది రచనలలో ఏది ప్రామాణికమో, ఏది పాతబడినదో, ఏది తన స్థాయికి మించినదో చెప్పగలుగుటకు ఆ విషయము ముందే తెలిసియుండవలెను. తెలిసినవాడు కోర్సులో చేరనే చేరడు.

మన పూర్వులు ఈ విషయమున ఎంత జాగరూకులై యుండిరో తలచుకొనిన ఆశ్చర్యము కలుగును. శాస్త్రగ్రంథమును ప్రారంభించువాడు అనుబంధ చతుష్టయమును ముందుగా తెలుపవలెనని వారి నియమము: విషయము, అధికారి, సంబంధము, ప్రయోజనము. ఈ గ్రంథము దేనిని గూర్చి? ఎవరికొరకు? చెప్పబడు విషయమునకును దీనికిని గల సంబంధ మెట్టిది? చదివినవానికి ఏమి సమకూరును? ఈ నాలుగింటికి సమాధానము చెప్పనిదే శ్రోత చెవి యొగ్గడని వారెరుగుదురు. ఇప్పుడు మన కోర్సులలోని ఏదేని ఒక ఫైలును ఈ నాలుగు ప్రశ్నలయెదుట నిలిపి చూడుడు. దాని పేరు "కొత్త డాక్యుమెంట్ 3" అనియో "ఫైనల్ ఫైనల్" అనియో ఉండును; కావున విషయము తెలియదు. మొదటి సంవత్సరమువారికో పోటీపరీక్షలవారికో తెలియదు. కావున అధికారి తెలియడు. పైనున్న ఫైలునకును క్రిందనున్న ఫైలునకును నడుమ ఒక్క వాక్యమైనను లేదు. కావున సంబంధము తెలియదు. ఇక ప్రయోజనము తనిఖీ సంఘమువారికి తప్ప అన్యులకు తెలియదు. తాటియాకులపై గంటముతో వ్రాసినవారు పాటించిన మర్యాదను, వేలికొనతో లోకమంతటికి పాఠము పంపగలిగిన మనము పాటింపలేకపోవుచున్నాము.

ఇచ్చట కొందరు గ్రంథాలయమును సాక్ష్యముగా తెత్తురు. "గ్రంథాలయములో ఎన్ని పుస్తకములుండిన అంత గొప్ప గదా, కోర్సు మాత్రము అట్లేల కారాదు?" వారు గ్రంథాలయమును పుస్తకముల గోదాముగా ఊహించుకొనుచున్నారు. గ్రంథాలయశాస్త్రమునకు మన దేశమున పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ మద్రాసు విశ్వవిద్యాలయమున గ్రంథపాలకుడుగా నుండి 1931లో ప్రకటించిన పంచసూత్రములలో పుస్తకముల సంఖ్యను పెంచుడనునది ఒక్కటియు లేదు. ప్రతి పాఠకునికి వాని పుస్తకము, ప్రతి పుస్తకమునకు దాని పాఠకుడు లభింపవలెననియు, పాఠకుని కాలమును ఆదా చేయవలెననియు ఆయన విధించెను. వర్గీకరణము, సూచి, సంఖ్య, అలమర, తోవ చూపు గ్రంథపాలకుడు, ఇవన్నియు ఉన్నందుననే లక్ష పుస్తకములు భారము గాక భాగ్యమైనవి. ఆ యేర్పాటును తొలగించి పుస్తకములను నేలపై కుప్పవోసిన, దానిని గ్రంథాలయమని ఎవరు పిలుతురు? గ్రంథాలయమును ఉపమానముగా తెచ్చినవారు తెలియకయే నా పక్షమునకు సాక్ష్యము పలికినారు.

మరికొందరు మసాచుసెట్స్‌లోని ఎమ్.ఐ.టి. సంస్థను చూపుదురు. 2001లో ఆ సంస్థ తన పాఠ్యసామగ్రినంతయు ఉచితముగా లోకమున కిచ్చెదనని ప్రకటించి, 2007 నాటికి సుమారు 1,800 కోర్సుల సామగ్రిని వెలువరించుట వాస్తవమే, శ్లాఘ్యమే. కాని ఆ సంస్థ తాను చేయునది ప్రచురణమని మొదటినుండియు స్పష్టముగా చెప్పినది. అక్కడ నమోదు లేదు, పరీక్ష దిద్దువారు లేరు, పట్టము లేదు; బోధనము వారి ప్రాంగణములో వేరుగా జరుగుచునే యున్నది. పైగా ఆ ప్రచురణమునందైనను పాఠ్యప్రణాళిక, దినక్రమము, ఉపన్యాసపు నోట్సు, అభ్యాసములు, పరీక్షపత్రములు వేటికవి వేరుపరుపబడి యుండును. మనము వారి విస్తారమును మాత్రము గ్రహించి వారి వివేకమును వదలితిమి.

"పాఠము పెట్టితిని, చదువుకొనుట వారి వంతు" అనునది ఋణవిముక్తి వాదము. దీనికి సమాధానము చెప్పుటకు నేను బోధించు సంధి ప్రకరణమునే తీసికొందును. మా విద్యార్థులు తరతరములుగా తడబడు తావొకటి కలదు: గసడదవాదేశము, సరళాదేశము. "వాడు, కొట్టె" అను పదములు కలిసి "వాడు గొట్టె" అగుట మొదటిది. "పూచెను, కలువలు" అనునవి కలిసి "పూచెం గలువలు" అగుట రెండవది. రెండింటను కకారము గకారమైనది గనుక, రెండును ఒక్కటియే యని పిల్లవాడు తలపోయును. నేను చేర్చిన 14 ఫైళ్లు చదివినను ఆ భ్రాంతి తొలగదు. ఏలయనగా వానిలో పెక్కింట ఈ కకారపు ఉదాహరణములే తిరిగి తిరిగి కనబడును. క, ట, త అను మూడు వర్ణములయెడ ఈ రెండు ఆదేశములును ఒకే రూపమునిచ్చును. చకార పకారములయొద్ద మాత్రమే దారులు చీలును: మొదటిదానిలో సకార వకారములు, రెండవదానిలో జకార బకారములు వచ్చును. కావున "వాడు, పోయె" అని యొకటియు, "చేసెను, పనులు" అని యొకటియు ఇచ్చి కలిపి వ్రాయుమని అడిగిననే తప్ప, వానికి తెలిసినదో లేదో వానికే తెలియదు. ఈ చిన్న క్విజ్ చేయగలిగిన పనిని ఆ 14 ఫైళ్లును కలిసి చేయలేవు. చిన్నయసూరి 1858 నాటి తన బాలవ్యాకరణమున సంజ్ఞా పరిచ్ఛేదమును ముందుంచి, ద్రుతమననేమో, కళలననేమో అక్కడ తెలిపి, ఆ తరువాతనే సంధి పరిచ్ఛేదమునకు పోయెను. పది పరిచ్ఛేదములలో ఏదియు తాను ఉండవలసిన చోటు తప్పి లేదు. దానిని కూర్పు అందురు.

చదివించుటకంటె అడుగుట మేలనునది నా యూహ మాత్రము కాదు. సెయింట్ లూయీ నగరమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున రోడిగర్, కార్పికీ అనువారు 2006లో ప్రకటించిన ప్రయోగములలో ఒకటి ఇట్లున్నది. ఒక గద్యభాగమును కొందరు విద్యార్థులు నాలుగు పర్యాయములు చదివిరి. మరికొందరు ఒక్క పర్యాయము చదివి, పుస్తకము మూసి, మూడు పర్యాయములు గుర్తుకు తెచ్చుకొని వ్రాసిరి. ఐదు నిమిషముల పిదప పరీక్షింపగా చదివినవారే ముందుండిరి. వారము గడచిన పిదప పరీక్షింపగా, నాలుగుమార్లు చదివినవారికి నూటికి 40 వంతులు, గుర్తుకు తెచ్చుకొనినవారికి 61 వంతులు జ్ఞాపకమున నిలిచియుండెను. మన కోర్సులు ఆ మొదటి ఐదు నిమిషములకే సిద్ధమగుచున్నవి. పరీక్షయు జీవితమును ఆ వారము తరువాత వచ్చును. శ్రవణముతో ఆగక మననమును, నిదిధ్యాసనమును విధించిన మన సంప్రదాయమునకు ఈ ఫలితము వింతగా తోచనక్కరలేదు. 2017 జులై 9న ప్రారంభమైన కేంద్రప్రభుత్వపు "స్వయం" ఆన్‌లైను వేదికయందు ప్రతి కోర్సునకు వీడియో, లిఖిత పాఠము, చర్చ, స్వీయపరీక్ష అను నాలుగు పాదములుండవలెనని నియమము చేసినవారికిని ఇదియే ఎరుక యుండినది. నాలుగింటిలో మొదటి రెండే ఫైళ్లుగా చేర్చదగినవి. తక్కిన రెండును ఉపాధ్యాయుని సన్నిధిని కోరును. ఆవును రెండు కాళ్లపై నిలిపి పాలు పితుక జూచుచున్న మనకు పాత్ర నిండకపోవుట వింత కాదు.

ఇదంతయు విదేశముల నుండియో ఢిల్లీ నుండియో మనము కొత్తగా నేర్చుకొనవలసిన సంగతియు కాదు. దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదులోనే వెలసినది. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేర నడచుచున్నది. దాని తొలి ఉపాధ్యక్షులైన జి. రాంరెడ్డిగారే పిమ్మట ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును తొలి ఉపాధ్యక్షులైరి. తరగతిగది లేని విద్యార్థికొరకు అచ్చువేసిన దూరవిద్యా పాఠముల రూపమును చూడుడు. పాఠము మొదట దాని లక్ష్యములు. తరువాత చిన్న చిన్న భాగములుగా విషయము. భాగము ముగిసినచోట ప్రగతిని పరీక్షించుకొనుటకు రెండు మూడు ప్రశ్నలు, జవాబు వ్రాసికొనుటకు ఖాళీ గీతలు. కడపట సారాంశము, సరిచూచుకొనుటకు సమాధానములు, కఠినపదములకు అర్థములు. ఆ ఖాళీ గీతలను చూచినప్పుడెల్ల నాకు వాని వెనుకనున్న మనుష్యుడు కనబడును. ఎదుట లేని విద్యార్థిని ఎదుట కూర్చుండబెట్టుకొని వ్రాసినవాడాతడు. కాగితమునకు ఖర్చయ్యెడి కాలమున ప్రతి పుటయు ఆలోచించి వ్రాయవలసివచ్చినది. ఖర్చు లేని కాలము వచ్చినతోడనే ఆలోచనయు అక్కరలేదనుకొంటిమి.

"ఒక్కొక్కరు ఒక్కొక్క రీతిగా నేర్తురు; కొందరు చూచి, కొందరు విని; అందుచే అన్ని రూపములలోను పెట్టవలె" నను వాదమునకు దీర్ఘసమాధానము వలదు. ఆ అభ్యసనశైలుల సిద్ధాంతమునకు ఆధారములు వెదకిన పాష్లర్ మున్నగు నలువురు పండితులు 2008లో, దానిని తరగతిలో ఆచరణకు తెచ్చుటకు తగినంత ఆధారము లేదని తేల్చిరి. ఒకే విషయమును స్లైడులుగా, నోట్సుగా, వీడియోగా, ఆడియోగా నాలుగుమార్లు ఉంచుట నలుగురికి అనుకూలించుట కాదు. ఒక్కనిచేతనే నాలుగు తలుపులు తట్టించుట.

తెలుగు పాఠముల విషయమున మరియొక సంకటమున్నది. దీనిని గూర్చి మాటాడువారు తక్కువ. యూనికోడులో తెలుగునకు 1991 నాటి తొలి ప్రతియందే చోటు దొరకినది. అయినను మన అచ్చుపనిలో చిరకాలముగా పాతుకొనిపోయిన "అను" ఫాంట్లతో కూర్చిన పుస్తకపు పీడీఎఫ్‌నుండి ఒక వాక్యమును ఎత్తి వేరొకచోట పెట్టిచూడుడు. తెలుగు కనబడదు, అర్థములేని రోమను గుర్తులు కనబడును. అందులో "ద్రుతము" అను మాటను వెదకిన దొరకదు. ఇక స్కాను చేసిన పుటలో అక్షరములే లేవు, అక్షరముల బొమ్మ మాత్రమున్నది. చూపులేని విద్యార్థి స్క్రీన్ రీడరును తెరచి చెవియొగ్గిన, ఆ పుట మౌనము వహించును. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఉన్నదని ఆ విద్యార్థికి తెలిసియుండవచ్చును. మన 61 ఫైళ్లలో తనకు వినవచ్చునవి నాలుగే యనియు తెలిసియుండును. అరువది బొమ్మలకంటె శుభ్రముగా యూనికోడులో టైపుచేసి కోర్సు పుటలోనే ఉంచిన ఆరు పేజీలు మేలు. అవి చిన్న ఫోనులో తెరచుకొనును, వెదకిన దొరకును, గ్రుడ్డివానికి వినబడును.

చట్టము మాట వచ్చినది గనుక మరొక చిన్న మాట. ఇతరుల పుస్తకములనుండి పుటలు తీసి పెట్టుటను సమర్థించువారు 1957 నాటి కాపీరైటు చట్టమును, ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఫోటోకాపీ వ్యాజ్యములో 2016లో వెలువడిన హైకోర్టు తీర్పులను చూపుదురు. నేనును ఆ తీర్పులకు సంతోషించినవాడనే. కాని ఆ రక్షణము బోధనమునకై చేయు పునర్ముద్రణకు సంబంధించినది. బోధనప్రయోజనమే దాని హద్దు. బోధనముతో పొందిక లేని కుప్పకు ఆ నీడ ఎట్లు లభించును? సంబంధమును, ప్రయోజనమును మన శాస్త్రకారులవలెనే చట్టమును అడుగుచున్నది.

కట్టకడపటి ఆక్షేపణను నేను తేలికగా త్రోసివేయజాలను. "మీరు చెప్పునదంతయు నిజమే, కాని వారమునకు పదునారు గంటలు పాఠము చెప్పి, పత్రములు దిద్ది, ఎన్నికల విధులకు పోయివచ్చి, ఈ కూర్పు ఎప్పుడు చేయుదుము?" దీనికి నాయొద్ద పూర్తి సమాధానము లేదు. ఏరుటకును కూర్చుటకును పట్టు గంటలను బోధనభారములో లెక్కింపని సంస్థ, కూర్పును కోరు అధికారమును పోగొట్టుకొనును. ఫైళ్ల సంఖ్యనడుగు గడిని కొట్టివేయనిదే ఉపాధ్యాయుని మాత్రము నిందించుట న్యాయము కాదు. కాని ఇంతమాత్రము చెప్పగలను. కూర్పునకు పట్టు కాలములో సగము, మనము ఇప్పుడు చేర్చుటకు వ్యర్థపరుచుచున్న కాలమునుండియే దొరకును. పెట్టదలచిన ప్రతి వస్తువునకు పైని రెండు వాక్యములు వ్రాయుడు: ఇది ఏమిటి, దీనిని చదివిన పిదప నీవేమి చేయగలుగుదువు. ఆ రెండు వాక్యములు వ్రాయుటకు చేయి సాగకపోయిన, ఆ వస్తువునకు అక్కడ చోటు లేదని తెలిసికొనుడు. విడిచిపెట్టుటకు మనసొప్పనివానిని "అదనపు పఠనము" అను ఫోల్డరులో వేరుగా ఉంచుడు. ఆసక్తిగలవాడు వెదకికొనును, తక్కినవాడు దారి తప్పడు. ఏటేట కొత్తవి చేర్చుటకు ముందు పాతవానిలో ఒకదానిని తొలగించుడు. తొలగించుటయు బోధనమే.

నా మాటను నేనే ముందుగా పాటింపవలసియుండెను గదా. ఆ మరుసటి సంవత్సరము 61 ఫైళ్లను ముందు వేసికొని కూర్చుంటిని. కొన్నింటిని తీసివేయునప్పుడు సొమ్ము పారవేయుచున్నట్లే తోచినది. రాత్రులు మేలుకొని చేసిన స్కానులవి. కడకు మిగిలినవి 9. వానికి నడుమ నడుమ చిన్న ప్రశ్నలు చేర్చితిని. తనిఖీకి వచ్చినవారు మునుపటి ఏటికంటె సామగ్రి తగ్గిన దేమని యడిగిరి. నేను చెప్పిన సమాధానము వారికి అంతగా రుచింపలేదు.

ఆ యేడు దసరా సెలవులకు ముందే, పరీక్షలింకను చాల దూరముననుండగా, ఒక విద్యార్థి నాకిట్లు వ్రాసెను: "మాస్టారూ, 'చేసెం బనులు' ఒప్పయినప్పుడు 'వాడు బోయె' ఎందుకు తప్పయింది? రెండు చోట్లా పకారమే కదా?" ఆ ప్రశ్నను రెండుమార్లు చదువుకొంటిని. ఆ సాయంకాలము కూర్చుండి, ముందున్న పదము ద్రుతాంతమైనప్పుడేమగునో, ప్రథమాంతమైనప్పుడేమగునో, రెండు ఉదాహరణములను ప్రక్కప్రక్కనే ఉంచి ఒక పుటలో వ్రాసి, దానిని కోర్సులో పదియవ వస్తువుగా చేర్చితిని. ఎక్కడ ఉంచవలెనని ఆలోచింప నక్కరలేకపోయెను.